రెండు ధాత సంవత్సరాలు, ఒక గడియ తేడా: కాలం దాటే అక్కాచెల్లెళ్ళ చారిత్రక నవలను మన నేల మీద రాయడానికి సమగ్ర మార్గదర్శి

మా జేజి కరువుల గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు సంవత్సరం ఎన్నడూ చెప్పలేదు. నందన కరువు అనేది, ధాత కరువు అనేది. అవి తాను పుట్టకముందే జరిగినవైనా, తన అత్తగారి నోట విన్నవాటిని కళ్ళారా చూసినంత గట్టిగా చెప్పేది. చాలా ఏళ్ళకు నేను లెక్క చూసుకుంటే నందన 1832 అనీ, ధాత 1876 అనీ తేలింది. అయితే ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై పేర్లూ మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేవే కనుక, 1936లో ఇంకొక ధాత వచ్చింది, 1996లో మరొకటి వచ్చింది. పాత పెట్టెలో దొరికిన ఉత్తరం మీద "ధాత నామ సంవత్సర ఫాల్గుణ మాసం" అని మాత్రమే ఉంటే, అది ఏ ధాతో చెప్పగలిగే గుర్తు ఆ పేరులో ఏదీ ఉండదు. కాలం దాటే కథ రాయాలనుకునే తెలుగు రచయితకు ఇంతకంటే సహజమైన తలుపు మరొకటి దొరకదని నా గట్టి నమ్మకం. ఈ మార్గదర్శి అంతా ఆ తలుపు చుట్టూ అల్లినదే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం మీద రెండు కాలాలలో బతికే అక్కాచెల్లెళ్ళ నవలను ఎక్కడ మొదలుపెట్టాలో, దేనిని ఎంత వరకు పరిశీలించాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఒక ఉదాహరణ కథను వెంట తీసుకుని వివరిస్తాను.

మొదటి పని: రెండు సంవత్సరాలను ఖాయం చేసుకోవడం

కాలాన్ని ముందుగా స్థూలంగా "బ్రిటిషువాళ్ళ కాలం", "ఈ కాలం" అని అనుకుని మొదలుపెట్టినవారు మూడో అధ్యాయానికే తడబడతారు. ఒకే పేరున్న రెండు సంవత్సరాలను ఎంచుకుని, ఆ రెండింటిలోనూ మీ కథ జరిగే నేలమీద నిజంగా ఏమి జరిగిందో చూడండి. నేను 1876-77 ధాతనూ, 1996-97 ధాతనూ ఎంచుకున్నాను. మన తీరానికి నీళ్ళిచ్చేది ప్రధానంగా అక్టోబరు తరవాత వచ్చే ఈశాన్య రుతుపవనం. 1876లో అది మొహం చాటేసింది. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటినీ 1878 దాకా పట్టి పీడించిన మహా కరువు అలా వచ్చింది. నూట ఇరవై ఏళ్ళ తరవాత, అదే తీరంలో వరి మళ్ళను రొయ్యల గుంటలుగా మార్చిన మోజు తెల్లమచ్చ తెగులుతో దెబ్బతిని ఉండగా, 1996 డిసెంబరు 11న తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక ధాతలో నీళ్ళు లేక నేల ఎండింది, ఇంకొక ధాతలో ఉప్పునీళ్ళు నిలిచి నేల చెడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన రోజునే నా నవలకు వెన్నెముక దొరికింది.

మీ అభిరుచిని బట్టి వేరే జంటలనూ తీసుకోవచ్చు. 1927 ప్రభవ, ఆ ఏడు నవంబరులో నెల్లూరు తీరాన్ని పెద్ద తుపాను తాకింది. దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగిన 1992 ఆంగీరస. దాని వెనకటి ఆంగీరస 1932. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: మన సంవత్సరం ఉగాదితో మారుతుంది కనుక 1877 జనవరి ఇంకా ధాతలోనిదే, ఏప్రిల్ అయితే ఈశ్వరలోకి పోతుంది. తిథిని తారీఖుగా మార్చడానికి స్వామికన్ను పిళ్ళై తయారుచేసిన పంచాంగ గణిత సంపుటాలు పనికివస్తాయి. వాటిని ముందు వేసుకుని, కథలోని ప్రతి ముఖ్య ఘట్టానికీ తిథి, వారం, తారీఖు మూడూ రాసిపెట్టుకోండి. వెన్నెల రాత్రి అని రాసిన చోట అమావాస్య పడితే ఆ పుటను తిరగరాయక తప్పదు.

రెండో పని: అక్క ఎవరో, చెల్లెలు ఎవరో తేల్చుకోవడం

తెలుగులో తోబుట్టువు అనే మాట ఉన్నా, ఇంట్లో ఆ మాటతో ఎవరూ ఎవరినీ పిలవరు. పుట్టినది ఆడపిల్ల అయితే ఆమె ఎవరికో అక్క, ఎవరికో చెల్లెలు. ముందు పుట్టిన మనిషి ముందు పుట్టిన మనిషే అన్న నిశ్చయం మీద ఈ పిలుపు నిలబడి ఉంది. కాలం దాటే కథ సరిగ్గా ఆ నిశ్చయం మీదనే దెబ్బ కొడుతుంది. అందుకే మన భాషలో ఇటువంటి కథకు ఇద్దరు స్నేహితురాళ్ళ కంటే, తల్లీకూతుళ్ళ కంటే అక్కాచెల్లెళ్ళే తగినవారని నేను భావిస్తాను.

నా ఉదాహరణలో రవణమ్మ, పెంచలమ్మ కవలలు. ఒక గడియ ముందు పుట్టిన రవణమ్మ అక్క అయింది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆ ఇరవై నాలుగు నిమిషాల వల్లనే ఇంట్లో సంగటి ముద్ద పంచేది రవణమ్మ, తట్టలో పెద్ద బరువు ఎత్తుకునేది రవణమ్మ, చీవాట్లు ముందుగా తినేదీ రవణమ్మే. కరువు రోజులలో ముద్ద చిన్నదైనప్పుడు చిన్న భాగం తానే తీసుకునేదీ ఆమే. ఇలా పెద్దరికం అనేది రోజూ చేసే పనులలో కనబడాలి. "రవణమ్మకు చెల్లెలంటే ప్రాణం" అని ఒక్కసారి కూడా రాయనవసరం లేకుండా, ఎవరు ముందు తింటారు, ఎవరు గోడవైపు పడుకుంటారు, చీకట్లో ఎవరు ముందు నడుస్తారు అన్నవి మొదటి ఇరవై పుటలలో పాఠకుడి మనసులో నాటుకోవాలి. అప్పుడే చివరలో ఆ వరస తిరగబడితే గుండె జల్లుమంటుంది.

కులమూ ఇక్కడే తేల్చుకోవాలి. 1876లో ఒక ఆడపిల్ల ఏ బావిలో నీళ్ళు చేదుకోగలదో, ఎవరి వాకిట్లో నిలబడగలదో, బడి మెట్లు ఎక్కగలదో లేదో అన్నీ కులాన్ని బట్టి ఉండేవి. దీనిని చెప్పకుండా దాటవేసే చారిత్రక నవల మన జిల్లాలలో నిజమనిపించదు.

మూడో పని: దాటే చోటు, దాటే నియమం

నియమాలు కొద్దిగా ఉండాలి, గట్టిగా ఉండాలి, రచయితకు అవసరమైనప్పుడు సడలకూడదు. వాటిని కథలో ఎవరూ పాఠంలా చెప్పనక్కరలేదు గాని మీ పుస్తకంలో మాత్రం రాసి ఉండాలి. నా నియమాలు నాలుగు. రెండు ధాతలు ఒకదానికొకటి తగిలే చోటు కాలువ గట్టు. దాటేది మనిషీ, ఆ మనిషి చేతిలో ఉన్నదీ మాత్రమే. ఉగాది లోపల తిరిగి రాకపోతే ఇంకో అరవై ఏళ్ళ దాకా దారి లేదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ కొసన ఒక్క రాత్రి, ఆ కొసన ఒక ఏడాది.

ఈ నాలుగో నియమాన్ని ఎంచుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. రెండు వైపులా కాలం సమానంగా నడిస్తే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు సమానంగా ఏడుస్తారు. కథ రెండు సమాంతర రేఖలుగా సాగిపోతుంది, కాని వరస మాత్రం చెక్కుచెదరదు. ఒక రాత్రికి ఒక ఏడాది అన్నప్పుడు, అక్క తెల్లారేదాకా చెల్లెలి కోసం వెతుకుతూ ఉంటే చెల్లెలు ఒక ఏడు బతికి వస్తుంది. గడియ తేడాతో చిన్నదైన మనిషి ఏడాది పెద్దదై తిరిగి వస్తుంది. ఇప్పుడు అక్క ఎవరు?

నవల నిర్మాణం కూడా ఈ నియమంలోనుంచే పుడుతుంది. రాత్రికి నాలుగు జాములు. నవలకూ నాలుగు భాగాలు. ఒక్కొక్క జాములో రవణమ్మ వెతుకులాట మూడు గంటలు, పెంచలమ్మ బతుకు మూడు నెలలు. రవణమ్మ అధ్యాయాలు పొట్టిగా, ఊపిరి బిగపట్టినట్టుగా ఉంటాయి. పెంచలమ్మ అధ్యాయాలు నిదానంగా, ఋతువులు మారుతూ సాగుతాయి. అధ్యాయాలను ఒకటి విడిచి ఒకటి అని యాంత్రికంగా మార్చవద్దు. మొదటి జాములో పెంచలమ్మకు రెండే అధ్యాయాలు చాలు, ఎందుకంటే ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాదు. మూడో జాములో ఆమె ఆ లోకంలో నిలదొక్కుకుంటుంది కనుక అయిదారు అధ్యాయాలు వరసగా ఆమెవే రానివ్వండి. పాఠకుడు రవణమ్మను మరిచిపోబోతున్న సమయంలో, లాంతరు కూడా లేని ఆ చీకటిలోకి మళ్ళీ తీసుకురండి.

అరవై ఏళ్ళకొకసారి దారి తెరుచుకుంటుంది అన్న తరవాత, నడుమనున్న 1936ను వదిలేయడానికి వీలు లేదు. తెలివైన పాఠకుడు దానిని తప్పకుండా అడుగుతాడు. ఆ ధాతలో ఆ గట్టు మీద ఎవరో నిలబడి ఉండాలి, లేదా నిలబడకుండా ఎవరో ఆపి ఉండాలి. ఒక్క చిన్న అధ్యాయం దీనికి సరిపోతుంది. నేనైతే ఒక ముసలామె ఆ ఏడంతా మనవరాళ్ళను కాలువ వైపు పోనివ్వలేదని రాశాను. ఆ ముసలామె ఎవరో అప్పటికి పాఠకుడికి తెలియదు.

నాలుగో పని: 1876-77ను కట్టడం

అసలు శ్రమ అంతా ఇక్కడే ఉంది కనుక తొందరపడవద్దు. ముందు పటం. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1970లో ఒంగోలు పేరుతోనే కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కందుకూరు 1970 దాకా నెల్లూరుది, తరవాత ప్రకాశంది, 2022లో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. ఊరు కదలకుండానే జిల్లా మారిపోవడం కాలం దాటే కథకు దొరికిన వరం. తాను ఏ జిల్లా మనిషో చెప్పబోయి పెంచలమ్మ తడబడే ఘట్టం ఇందులోనుంచే వస్తుంది.

ఆ తరవాత ప్రయాణం. మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకు రైలు కలిసింది 1899లో. 1876లో నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న దాదాపు నూట ఇరవై కిలోమీటర్లూ ఎడ్లబండి మీదనో, కాళ్ళ మీదనో పోవలసిందే. బండి మీద నాలుగైదు రోజుల పని. కబురు కూడా అంతే నెమ్మది. తపాలా కార్డు మన దేశంలో 1879 జూలైలో వచ్చింది కనుక, 1877లో మీ పాత్ర చేతికి కార్డు ఇవ్వకండి.

ఇక కరువు పని. తీరం వెంట సాగే కాలువను తవ్వించడం కరువు కూలీలకు పని చూపే మార్గాలలో ఒకటి. అప్పటి మద్రాసు గవర్నరు పేరున దానిని బకింగ్‌హాం కాలువ అనడం 1878 నుంచి. తట్ట మోస్తున్న రవణమ్మ నోట ఆ పేరు రాకూడదు. ఆమెకు అది కరువు పని, అంతే. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వించే గుత్త తీసుకుని వేలమందికి పని చూపాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకుండా కరువు రోజులలో బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. మీ కథలోని అక్కాచెల్లెళ్ళు వారిలోనివారే అయితే ఈ మలుపును ఆ ఇద్దరి లోపలినుంచి చూడాలి. మిషనరీ కళ్ళతో గాని, మిషనరీని తప్పుపట్టేవారి కళ్ళతో గాని చూసి రాస్తే ఆ పిల్లలు కథలోనుంచి జారిపోతారు.

కూలి లెక్క తప్పకుండా తెలుసుకోవాలి. 1877 జనవరి చివర, కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ సిఫారసు మీద మద్రాసులో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం వెల, దాని మీద కొద్దిపాటి చిల్లర అని నిర్ణయించారు. ఆడవారికి, పిల్లలకు అంతకంటే తక్కువ. పౌను అంటే మన లెక్కలో అరకిలోకు లోపే. ఆ తిండితో మట్టి మోసే మనిషి నిలబడలేడని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు, తరవాత కూలిని కొంత పెంచారు. ఈ అంకెలను కథలో అప్పజెప్పవద్దు. వాటిని ఒక వస్తువులోకి దించండి. నా కథలో ఆ వస్తువు ఒక సోల. రవణమ్మ కూలి డబ్బుతో జొన్నలు కొని, ఆ ఇత్తడి సోలతో కొలుస్తుంది. సోల నిండదు. నిండని చోట లోపలివైపు మేకుతో గీత గీస్తుంది. వారం తరవాత గింజల ధర పెరిగి, ఆ గీతకు కింద ఇంకొక గీత పడుతుంది. రెండు గీతల నడుమ చూపుడువేలు గోరంత దూరం. ధాత కరువు ఎంతటిదో ఆ గోరంత ఎడం చెబుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న పాత వరస మీకు కంఠతా వచ్చి ఉండాలి, ఎందుకంటే ఆ ఆడవాళ్ళు ఆలోచించేది ఆ లెక్కలోనే.

తట్ట మోసే పనిని కూడా అంత దగ్గరగా చూడండి. తల మీద చుట్టకుదురు పాతచీర చెంగుతో చేసింది. పర్ర భూమి మట్టి నల్లగా, ఉప్పగా, తడిగా ఉండి తట్టకు అంటుకుపోతుంది. పోసేటప్పుడు సగమే పడుతుంది, మిగతాది మళ్ళీ మోయాలి. ఆ ఉప్పు మెడ మీద చెమటతో కలిసి ఒరుసుకుపోతుంది. సాయంత్రం అక్క చెల్లెలి మెడకు రాసేందుకు ఆముదం ఉండదు, దీపానికి లేని ఆముదం మెడకు ఎక్కడిది? బతికుంటే బలుసాకు తినొచ్చు అన్న సామెత అందరికీ తెలిసినదే. ఆ ఏడాది బలుసాకు కూడా గట్ల మీద మిగలలేదని రాస్తే ఆ సామెతకు అర్థం మళ్ళీ మొలకెత్తుతుంది.

చెట్ల విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ప్రతిలో పెంచలమ్మ సర్కారు తుమ్మ చాటున దాక్కుంటుందని రాశాను. మా తీరమంతా ఆ ముళ్ళ కంపే కనుక ఎప్పటినుంచో ఉన్నదే అనుకున్నాను. అటవీశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఆ పుట చదివి, ఆ చెట్టు విత్తనాలను మన వైపు తెప్పించి కడప జిల్లాలో నాటడం మొదలైందే 1877 ప్రాంతంలో అని చెప్పారు. ఆ తప్పును దిద్దుకునేటప్పుడే ఒక మంచి ఘట్టం దొరికింది. 1996లో కళ్ళు తెరిచిన పెంచలమ్మకు తెలియని మొదటి వస్తువు బస్సూ కాదు, కరెంటు స్తంభమూ కాదు. తన సొంత ఊరి గట్టు మీద తాను ఎన్నడూ చూడని చెట్టు. మనుషుల కంటే, ఇళ్ళ కంటే ముందు నేల మారిపోయిందని ఆమెకు అక్కడ తెలుస్తుంది.

అయిదో పని: 1996ను కూడా చరిత్రగానే చూడడం

దగ్గరి కాలం తెలిసినదే కదా అని చాలామంది జ్ఞాపకం మీద రాసేస్తారు. ఇది పెద్ద పొరపాటు. 1996లో నెల్లూరు జిల్లా పేరు ముందు పొట్టి శ్రీరాములు పేరు లేదు, అది 2008లో వచ్చింది. పల్లెలో సెల్‌ఫోను లేదు, ఎస్టీడీ బూతు ఉంది. కరణాలు, మునసబులు 1984లోనే పోయారు, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కనుక "కరణం గారి దగ్గరకు తీసుకుపొండి" అని పెంచలమ్మ అడిగితే ఊళ్ళో ముసలివారికి మాత్రమే అర్థమవుతుంది. 1995 నుంచి మద్య నిషేధం అమలులో ఉంది, దానిని 1997లో సడలించారు. 1993 అక్టోబరు 1న సారా ఆగడానికి కారణమైన ఉద్యమం ఈ జిల్లాలోనే, కలిగిరి దగ్గరి దూబగుంటలో మొదలైంది. రాత్రి బడిలో అక్షరదీపం పాఠం చదువుకున్న కూలి ఆడవాళ్ళు, రోసమ్మ వంటివారు ముందు నిలబడి సారా బండ్లను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ ఆడవాళ్ళే తరవాత పొదుపు సంఘాలుగా కూడారు.

నా పెంచలమ్మకు నీడ ఇచ్చే కోటమ్మ అటువంటి మనిషి. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నది, రొయ్యల గుంటల దగ్గర కూలికి పోతున్నది, వాటివల్లనే తన బావి నీళ్ళు ఉప్పగా మారాయని తెలిసినది. ఆమె రేషను షాపులో బియ్యాన్ని కిలోల లెక్కన తూయించుకుని వస్తుంటే పెంచలమ్మ ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని దింపదు, అలాగే నిలబడిపోతుంది. ఈ ఒక్క దృశ్యంలో రెండు ధాతలూ కలుస్తాయి. ఎవరి చేతా ఏమీ అనిపించవద్దు.

ఇంటి స్థలం ప్రస్తావన వస్తే నెల్లూరు వైపు అంకణాలలో చెప్పించండి. మన అంకణం డెబ్బై రెండు చదరపు అడుగులు, కనుక ఎకరానికి ఆరువందల అయిదు. ఇటువంటి మాట ఒకటి సరిగా పడితే, కథ ఎక్కడ జరుగుతోందో వేరే చెప్పనక్కరలేదు.

ఆరో పని: భాషను పట్టుకోవడం

పాతకాలం అనగానే గ్రాంథికం రాయవద్దు. 1876లో కూలిపిల్లలు గ్రాంథికం మాట్లాడలేదు. మన జిల్లాల మాటే వారికి తగినది. అయితే రెండు కాలాలకూ, రెండు కొసలకూ తేడా ఉండాలి. నెల్లూరు దక్షిణాన "పోతా ఉండా" అనే మాట ఒంగోలు ఉత్తరానికి పోయేసరికి "పోతన్నా" అవుతుంది. "ఏడ", "ఎట్టా", "రొంత", "ఏమ్మే" వంటివి ఎవరి నోట ఎంత వరకు వస్తాయో మీ ఊరి పెద్దవారి దగ్గర కూర్చుని విని రాసుకోండి. 1876 పాత్ర మాటలలో అనుమానం వచ్చిన ప్రతి పదాన్నీ 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులో చూడండి. అక్కడ ఉంటే ధైర్యంగా వాడవచ్చు. లేకపోతే ఇంకొక మాట వెతుక్కోవడం మంచిది. సమయం చెప్పేటప్పుడు ఆమెకు గంటలు, నిమిషాలు ఉండవు; కోడికూత, బారెడు పొద్దు, మునిమాపు, జాము ఉంటాయి. డబ్బు చెప్పేటప్పుడు కాని, అర్ధణా, బేడ, పావలా ఉంటాయి. 1996లో కోటమ్మ మాటలలో గ్రూపు, లోను, బోరు, కరెంటు వంటివి సహజంగా దొర్లాలి. పెంచలమ్మ వాటిని ఒక్కొక్కటే పట్టుకుంటుంది. చివరి భాగానికి వచ్చేసరికి ఆమె నోట "లోను" అన్న మాట అలవోకగా వస్తే, ఆమె ఎంత దూరం వచ్చేసిందో పాఠకుడికి తెలుస్తుంది, భయం కూడా వేస్తుంది.

కథనానికి రవణమ్మ రాత్రిని ప్రథమ పురుషలో ("ఆమె" అని), పెంచలమ్మ ఏడాదిని ఉత్తమ పురుషలో ("నేను" అని) రాయడం నాకు బాగా కుదిరింది. ఏడాది బతికిన మనిషికి చెప్పుకోవడానికి కావలసినంత తీరిక ఉంది. రాత్రంతా వెతుకుతున్న మనిషికి అది లేదు.

ఏడో పని: ఉత్తరం

ఈ నవలలో రచయిత దొరికిపోయే చోటూ, పాఠకుడికి అందే ఆనందమూ రెండూ ఉత్తరంలోనే ఉన్నాయి. కోటమ్మ ఇంటి పెట్టెలో, గీతలున్న ఇత్తడి సోల కింద, ధాత అని మాత్రమే వేసిన ఉత్తరం ఒకటి ఉంటుంది. ఇంట్లోవారు దానిని 1936 నాటిది, కోటమ్మ జేజి రాసినది అనుకుంటారు. నిజానికి అది 1877 ఫాల్గుణంలో, తిరిగి వెళ్ళిన పెంచలమ్మ రాసినది. ఆమెకు అక్షరాలు నేర్పినది 1996లో కోటమ్మే.

దీనిని ఎక్కడా విప్పి చెప్పకుండా ఒక్క గుర్తు ద్వారా అందించవచ్చు. ఆ కాలంలో రాయడం వచ్చినవారు, ముఖ్యంగా కరణాలు, గొలుసుకట్టుగా, మాటకూ మాటకూ ఎడం లేకుండా, చేయి ఎత్తకుండా రాసేవారు. ఈ ఉత్తరంలోని అక్షరాలు మాత్రం విడివిడిగా, గుండ్రంగా, వాచకంలో ఉన్నట్టు, మాటల మధ్య ఎడంతో ఉంటాయి. వాక్యం చివర చుక్క కూడా ఉంటుంది. రెండో జాములో కోటమ్మ ఆ ఉత్తరం చూసి "మా జేజి రాత గూడా నా రాత మాదిరే ఉండాదే" అని అంటుంది. ఆ మాట అక్కడ మామూలుగా దాటిపోవాలి. నాలుగో జాములో కోటమ్మ పెంచలమ్మ చేయి పట్టి పలక మీద "అ" దిద్దించిన సంగతిని పెంచలమ్మ తలచుకున్నప్పుడు, చదివేవారు వెనక్కి పోయి ఆ పుట తిప్పాలి. ఉత్తరం పొడవు అరపుట మించకూడదు. కొత్తగా చదువు వచ్చిన మనిషి పెద్ద ఉత్తరం రాయదు.

ఎనిమిదో పని: ఆధారాలు వెతకడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం

1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ కరువుకు మూడేళ్ళ ముందటి జిల్లాను చూపిస్తుంది. ఒంగోలు కూడా అందులో ఉంది కనుక రెండు జిల్లాలవారికీ పనికివస్తుంది. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలలో ఊళ్ళ పాత పేర్లు దొరుకుతాయి. పాత పత్రికల కోసం 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనానికి తప్పక వెళ్ళండి. 1936 అధ్యాయానికి పొణకా కనకమ్మ గారి ఆత్మకథ ఎంతో తోడ్పడుతుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం, ఆమె నడిపిన కస్తూరిదేవి విద్యాలయం ఆ కాలపు నెల్లూరు ఆడపిల్లల లోకాన్ని తెరుస్తాయి. అయితే దొరల నివేదికలలో కూలిపిల్ల పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె పక్కన మనిషిని నిలబెట్టే పని మీది. కాగితాలు చూడడం ఆపి రాయడం మొదలుపెట్టవలసిన సమయం నాకు ఇలా తెలిసింది: రవణమ్మ నిద్ర లేచినప్పటినుంచి పడుకునేదాకా ఒక రోజును కాగితం చూడకుండా చెప్పగలిగాను.

కాలువను మాత్రం కాళ్ళతో చూడండి. రామాయపట్నం వైపునో, మైపాడు వైపునో, పడవలు ఆగిపోయి పూడిపోయిన ఆ కాలువ గట్టు మీద ఒక సాయంత్రం మునిమాపు నుంచి చీకటి పడేదాకా నిలబడితే, ఎంత దూరం వరకు మనిషి కేక వినబడుతుందో, గాలి ఎటునుంచి వస్తుందో, నీళ్ళ వాసన ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. రవణమ్మ రాత్రంతా ఆ కేక మీదనే నడవాలి.

తొమ్మిదో పని: తెల్లవారుజామున కలుసుకోవడం

చివరి ఘట్టాన్ని ముందే రాసిపెట్టుకోమని నా సలహా. కోడి కూసే వేళకు గట్టు మీద ఇద్దరూ ఎదురుపడతారు. ఏడాది పాటు కడుపునిండా తిన్న పెంచలమ్మ ఒళ్ళు చేసి, జుట్టు నిగనిగలాడుతూ, అక్క కంటే పెద్దదిగా కనబడుతుంది. రాత్రంతా తిరిగిన రవణమ్మ కాళ్ళు మట్టికొట్టుకుపోయి ఉంటాయి. ఇక్కడ వర్ణన తగ్గించి మాటలనే నిలబెట్టండి. నేను అయిదారుసార్లు రాసి, చివరకు ఇంత మాత్రమే ఉంచాను:

"ఏమ్మే, ఏడకి పోయినావు రాత్రంతా?"

"ఏడాదైంది."

రవణమ్మ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత కొంగులో మూటగట్టి దాచిన సంగటి ముక్కను తీసింది. అలవాటు ప్రకారం రెండు చేసింది. పెద్ద ముక్క ముందుకు చాపింది. పెంచలమ్మ ఆ ముక్క తీసుకోకుండా, అక్క చేతిలోని చిన్న ముక్కను లాక్కుని నోట్లో వేసుకుంది.

"అది నాది," అంది రవణమ్మ.

"ఇయ్యాల్టినుంచి నాది," అంది పెంచలమ్మ.